నీలం అంచు కాగితం

బోస్నియాలో మా పోద్లీపా ఊళ్ళో మనిషి పోతే ఊరికి చెప్పేది నేను. నోటితో కాదు, కాగితంతో. ఆకుపచ్చ అంచు, పైన నెలవంక ఉంటే మా ముస్లింల చావు. నల్ల అంచు, సిలువ, సిరిలిక్ అక్షరాలు ఉంటే సెర్బుల చావు. అదే నల్ల అంచుకి కాస్త సన్నటి సిలువ, లాటిన్ అక్షరాలు ఉంటే క్రొయేట్లది. దేవుడితో పనిలేదని కమ్యూనిస్టు పార్టీ కార్డు జేబులో పెట్టుకుని తిరిగినవాళ్ళకి ఐదు మొనల నక్షత్రం. మధ్యలో ఫోటో, కింద పేరు, పూడ్చేది ఎన్ని గంటలకో, ఎక్కడో. ఈ నాలుగు అచ్చులూ నా భర్త చేతిమీద నడిచేవి. ఆయన పోయినప్పుడు నేను మొదటిసారి అచ్చుయంత్రం ముందు కూర్చుని ఆయన కాగితమే వేశాను. అప్పటినుంచి కొట్టు నాదే.

ఈ కాగితాలని ఎవరూ దగ్గరికెళ్ళి చదవరు. రొట్టె కొనుక్కుని వస్తూ వీధి అవతలినుంచి రంగు చూస్తారు. ఎవరి తాలూకో తెలుస్తుంది. అప్పుడు రోడ్డు దాటి వచ్చి ఫోటో చూస్తారు. మనవాళ్ళదైతే ఒకలా, ఎదుటివాళ్ళదైతే ఇంకోలా నాలుక చప్పరిస్తారు గానీ, రోడ్డు దాటడం మాత్రం అందరూ దాటుతారు. ఒకరినొకరు ఫిరంగులతో కొట్టుకున్న మూడు జాతులూ యుద్ధం తర్వాత భుజాలు రాసుకుంటూ నిలబడిన చోటు మా ఊళ్ళో ఒక్కటే ఉంది. అది పోస్టాఫీసు గోడ.

అలాంటి గోడ మీద పడింది పౌర విశ్వాస మిషన్ వారి కన్ను. బోస్నియాకి ప్రజాస్వామ్యం నేర్పడానికి వచ్చినవాళ్ళలో మా ఊరికి వీళ్ళు ఐదోవాళ్ళో ఆరోవాళ్ళో. మొదటివాళ్ళు ట్యాంకులెక్కి వచ్చారు, తర్వాతివాళ్ళు తెల్ల జీపులెక్కి వచ్చారు, వీళ్ళు తెల్ల బోర్డులూ రంగు పెన్నులూ పట్టుకుని వచ్చారు. వీళ్ళ పెద్ద టోర్బెన్ అనే డెన్మార్క్ మనిషి. మంచివాడు. నా ఒళ్ళు మండేది అందుకే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ఈయన్ని తిట్టినా తల ఊపి పుస్తకంలో రాసుకుంటాడు.

వచ్చిన కొత్తలో పోస్టాఫీసు గోడ పక్కనే ఒక అద్దాల బోర్డు పెట్టించి, అందులో స్థానిక పాలన చట్టం ముసాయిదా అంటించాడు. నీలం అంచు, పైన మిషన్ ముద్ర. మర్నాడు వచ్చి చూస్తే అక్కడ ముప్పైమంది జనం. ఆయన కళ్ళు చెమర్చాయట. ఫోటో తీశాడు. అది వాళ్ళ సంవత్సర నివేదికకి అట్టబొమ్మ అయింది. కింద, 'పోద్లీపా పౌరులు ముసాయిదాను పరిశీలిస్తున్న దృశ్యం' అని రాశారు. ఆ ముప్పైమందీ పరిశీలిస్తున్నది పక్క గోడమీద కబాబుల హయ్రో అత్తగారి కాగితాన్ని. ఆవిడ తొంభైరెండేళ్ళకి పోయింది. కాగితంలో మాత్రం డెబ్భై ఎనిమిది అని వేయించమని పోయేముందు అల్లుడి దగ్గర ఒట్టు వేయించుకుంది. ఊరంతా దాని మీద వాదించుకుంటోంది. ముసాయిదా వైపు ఉన్నవి వీపులు.

తర్వాత నాలుగేళ్ళలో ఆ అద్దాల వెనక ఎన్ని నీలం కాగితాలు వచ్చాయో! మహిళా నాయకత్వ శిక్షణ, పారదర్శకత వారోత్సవం, మీ అభిప్రాయం మాకు ముఖ్యం. నీళ్ళ సరఫరా ఆపే రోజులు కూడా చివరికి నీలం అంచుతోనే వేయడం మొదలుపెట్టారు. ఊళ్ళో ఒక్క కన్ను ఆ వైపు తిరిగితే ఒట్టు. నీళ్ళు ఆగినప్పుడు కుళాయి చూసి తెలుసుకునేవాళ్ళం.

ఇంతలో సంస్కరణల ప్యాకేజీ అని ఒకటి వచ్చింది. మున్సిపాలిటీ దాన్ని మొత్తంగా ఒప్పుకుంటే మిషన్ వాళ్ళు కొత్త ఫైరింజను ఇస్తారు. ఫైరింజను అనగానే మా కౌన్సిల్లో మూడు జాతులకీ ఒక్క గొంతు వచ్చింది. ఒకటే చిక్కు. సలహా సంఘంలో మూడు జాతులవాళ్ళతోపాటు 'ఇతరులు' అని ఒక కుర్చీ ఉండాలట. ఏ జాతీ కాని మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తాం? మున్సిపల్ కార్యదర్శి ఇలియా ఒక శుక్రవారం సాయంత్రం బాగా ఆలోచించి, సోమవారం పొద్దునకల్లా తన బావమరిదిని ఇతరుడిగా మార్చాడు. ఆదివారం చర్చిలో కొవ్వొత్తి వెలిగించిన మనిషి సోమవారం పదింటికి ఏ జాతీ లేనివాడై కుర్చీలో కూర్చున్నాడు. టోర్బెన్ ఆయనతో చేతులు కలిపి, మీ వర్గం సమస్యలేమిటని అడిగాడు. మోకాళ్ళ నొప్పులని చెప్పాడు ఇతరుడు.

ఆ ప్యాకేజీలో పద్నాలుగో అంశం నా కొట్టు మీదికొచ్చింది. మరణ ప్రకటనలకి జాతి రంగులు ఉండకూడదు. అందరికీ ఒకటే నమూనా, నీలం అంచు, రెండు లిపులు. మతచిహ్నాలు లేవు. ఫోటో వ్యక్తిగత సమాచారం కనక అదీ లేదు. ఎక్కడ పడితే అక్కడ అంటించకూడదు, అద్దాల బోర్డులోనే పెట్టాలి. గోడ మీద అంటిస్తే జరిమానా. దీని మీద ప్రజాభిప్రాయ సేకరణ అని సమావేశం పెట్టి, జనం రావాలని సాండ్‌విచ్‌లు పెట్టారు. జనం వచ్చారు, తిన్నారు, వెళ్ళారు. మాట్లాడింది నేనొక్కదాన్నే.

టోర్బెన్ పక్కన బెల్మా కూర్చుంది. మా ఊరి పిల్లే, ఇంగ్లీషు చదివింది, తండ్రి ముస్లిం, తల్లి సెర్బు. వాళ్ళ మాట మాకూ, మా మాట వాళ్ళకీ చెప్పడం ఆ పిల్ల ఉద్యోగం. మా మాటల్లో ముళ్ళు ఏరేసి చెబుతుందని అందరికీ తెలుసు.

"చచ్చాక కూడా మనుషులు రంగులుగా విడిపోవాలా అని అడుగుతున్నారు అత్తా," అంది బెల్మా.

"రంగులు నాలుగైనా గోడ ఒకటే కదమ్మా అని చెప్పు. మేం కలిసేదే అక్కడ. దాన్ని కూడా ఊడబీకితే ఇంకెక్కడ కలుస్తాం, ఈయన సాండ్‌విచ్‌ల దగ్గరా?"

బెల్మా ఏదో చెప్పింది. టోర్బెన్ సంతోషంగా తల ఊపాడు.

"ఏం చెప్పావే?"

"గోడ అంటే నీకు అభిమానం అని చెప్పాను."

"ఆహా! ఇంకోటి కూడా చెప్పు. నీలం అంచు కాగితాన్ని ఈ ఊళ్ళో కుక్క కూడా వాసన చూడదు. చావు కబురు దాని మీద వేస్తే ఆ శవం వెనక ఈగ కూడా రాదు. ఈ మాటలో ముల్లు తియ్యకు, ఉన్నదున్నట్టు చెప్పు."

ఈసారి చాలాసేపు చెప్పింది. టోర్బెన్ లేచి వెళ్ళి తెల్ల బోర్డు మీద 'కనబడేలా ఉండటం' అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు. నా నాలుగేళ్ళ అనుభవానికి ఆ సున్నా దక్కింది. పద్నాలుగో అంశం మర్నాడు ఏకగ్రీవంగా నెగ్గింది. ఇతరుడు కూడా చెయ్యెత్తాడు.

ఆ కోపం నాలో అలాగే ఉండిపోయింది. చెప్పాను, వినలేదు, ఇక అనుభవించండి అనుకున్నాను. మొదటి చావు నీలం అంచులో పడనీ, జనం రాకుండా పోనీ, అప్పుడు ఈయన మొహం చూడాలి అనుకున్నాను. ఎవరి చావో ఆలోచించలేదు. రూలు ఒకటో తారీకునుంచి అమల్లోకి వచ్చింది. తొమ్మిదిరోజులు ఊళ్ళో ఎవరూ పోలేదు. నీలం అంచుకి భయపడి ముసలివాళ్ళంతా ఊపిరి బిగబట్టుకున్నారని హయ్రో నవ్వాడు.

పదోరోజు మధ్యాహ్నం కొట్లోకి ఒక పొడుగాటి ముసలాయన వచ్చాడు. బూడిదరంగు కోటు, చేతిలో ప్లాస్టిక్ సంచి. ఒక నిమిషం గుర్తుపట్టలేదు.

"షెఫికా చెల్లీ, నేను. జ్వోంకోని."

పద్నాలుగేళ్ళయింది చూసి. జ్వోంకో క్రొయేట్, రైల్వేలో పనిచేసేవాడు. ఆయన భార్య మునెవెరా ముస్లిం, మా ఆసుపత్రిలో నర్సు. యుద్ధం మొదలైన నెలలో ఇటువాళ్ళు ఆయన్నీ, అటువాళ్ళు ఆవిణ్ణీ అనుమానంగా చూడటం మొదలుపెట్టాక ఒకరోజు బస్సెక్కి వెళ్ళిపోయారు. స్లోవేనియాలో మారిబోర్‌లో ఉన్నారని విన్నాం. వెళ్ళేముందు ఎవరికీ చెప్పలేదు. చెప్పి వెళ్ళే రోజులు కావవి.

"మునెవెరా పోయింది చెల్లీ. నిన్న పొద్దున. ఇక్కడే పూడ్చమని మాట తీసుకుంది. రేపు తొమ్మిదింటికల్లా వ్యాన్‌లో తెస్తున్నారు. పదకొండుకి పూడుస్తాం, మున్సిపల్ శ్మశానంలో. యుద్ధానికి ముందే కొనుక్కున్న చోటుంది మాకు."

కుర్చీ వేశాను, కాఫీ కాచాను. ఏడ్చానని చెప్పడానికి సిగ్గుపడను. ఈ ఊళ్ళో ముప్పైదాటిన ప్రతి భుజం మీదా మునెవెరా పొడిచిన టీకా మచ్చ ఉంది. మూడు జాతులకీ ఒకటే మచ్చ. జ్వరమొచ్చిన పిల్లలున్న ఇంటికి ఆవిడ మంచులో నడిచి వెళ్ళేది, ఎవరిల్లని అడిగేది కాదు.

ఆయన సంచిలోంచి ఫోటో తీశాడు. నర్సు టోపీతో, నవ్వుతూ.

"ఇది వెయ్యి."

"వెయ్యకూడదన్నా. కొత్త రూలు." అని నమూనా చూపించాను. నీలం అంచు, ఖాళీ గళ్ళు, అడుగున ఒక వాక్యం: 'ఈ ప్రకటన అంతర్జాతీయ సమాజ సహకారంతో వెలువడింది.'

ఈయన కూడా నాలాగే మండిపడతాడనుకున్నాను. కానీ ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది బాగుంది చెల్లీ," అన్నాడు మెల్లగా. "బస్సులో రాత్రంతా అదే ఆలోచన. ఆకుపచ్చ వేయిస్తే నేనేమవుతాను, నల్లది వేయిస్తే ఆవిడేమవుతుంది అని. నక్షత్రం వేస్తే ఈ రోజుల్లో నవ్వుతారు. ఇన్నేళ్ళకి మా ఇద్దరికీ సరిపోయే కాగితం ఒకటి ఎవరో తయారుచేశారు."

ఆ దిక్కుమాలిన పద్నాలుగో అంశాన్ని దేశం మొత్తమ్మీద మనస్ఫూర్తిగా కోరుకున్న మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"ఫోటో లేకపోతే..." అన్నాను.

"పేరు చాలదా? ఈ ఊరికి మునెవెరా అన్న పేరు చాలదా? ఒక్క మాట చెప్పు చెల్లీ. వస్తారంటావా?"

"రాకేం?"

"ఆవిడ వస్తారనేది. నేను రారనేవాణ్ణి. పద్నాలుగేళ్ళు అదే గొడవ మా ఇద్దరికీ. వదిలి వెళ్ళిపోయినవాళ్ళని ఊరు క్షమించదు అనేవాణ్ణి నేను. టీకా వేయించుకున్నవాళ్ళు మర్చిపోరు అనేది ఆవిడ."

చెప్పాలి అప్పుడు. అన్నా, ఈ కాగితం ఎవరూ చూడరు అని చెప్పాలి. పాత అచ్చులు నాలుగూ బల్ల కింద ఉన్నాయి, జరిమానా నేను కడతాను అని చెప్పాలి. కనీసం పక్క కొట్లో హయ్రో చెవిలో ఒక్క మాట వేసినా సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయేది. కానీ చావు కాగితాలు వేసేదానికి ఒక కట్టుబాటు ఉంది. గోడ చెప్పకముందు నేను నోరు విప్పకూడదు. నేను ఎవరి గుమ్మమైనా ఎక్కితే ఆ ఇంట్లో గుండెలు పట్టుకుంటారు. జ్వోంకో కూడా ఎవరి తలుపూ తట్టలేదు, సత్రంలో గది తీసుకుని కూర్చున్నాడు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళాలి, చావుకి పిలవకుండా వెళ్ళాలి. ఆయనకి కావలసింది పిలవకుండా వచ్చేవాళ్ళు.

ఇది నేను అందరికీ చెప్పిన కారణం. ఇంకోటి ఉంది. యాభైమందైనా ఎలాగో వస్తారులే, రావలసిన మిగతా ఐదువందలమందీ తర్వాత తెలిసి టోర్బెన్ మీద పడతారులే అనుకున్నాను. ఆ పీకులాట చూడాలని నా కడుపులో ఒక మూల సరదాగానే ఉంది. నీలం కాగితాలు వేశాను. ఇలియా వచ్చి అద్దం తాళం తీసి, పారదర్శకత వారోత్సవానికీ నీళ్ళ సరఫరాకీ మధ్య పెట్టాడు. పెట్టిన మనిషి కూడా చదవలేదు.

మర్నాడు పదిన్నరకి శ్మశానానికి వెళ్ళాను. మా ఆడవాళ్ళు పూడ్చేచోటికి వెళ్ళరు. మునెవెరా కోసం వెళ్ళాను, దూరంగా నిలబడదామనుకున్నాను. దూరంగా నిలబడటానికి ముందు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. గుంట దగ్గర జ్వోంకో ఉన్నాడు. వ్యాన్ తోలుకొచ్చిన స్లోవేనియా కుర్రాడు సిగరెట్ కాలుస్తున్నాడు. గుంట తవ్విన సెర్బు రాయ్‌కో పారమీద గడ్డం ఆనించి ఉన్నాడు. తెల్ల జీపు దిగి టోర్బెన్, బెల్మా వచ్చారు, కొత్త నమూనాతో మొదటి కార్యక్రమం కనక చూడాలని.

పదకొండైంది. జ్వోంకో గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పొద్దున బేరాలుంటాయి కదా, వస్తారు," అన్నాడు.

పదకొండుంపావు అయింది. "ఇవాళ సంతా?" అని అడిగాడు నన్ను. కాదు. "అవును," అన్నాను.

పదకొండున్నరకి కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. "ఇక కానిద్దాం చెల్లీ. కుర్రాడికి దూరం వెళ్ళాలి," అన్నాడు. మొహంలో ఏమీ లేదు. నేనే గెలిచానని కూడా లేదు.

పెట్టె మొయ్యడానికి ఆరుగురు కావాలి. జ్వోంకో, రాయ్‌కో, వ్యాన్ కుర్రాడు, టోర్బెన్, బెల్మా, నేను. మా ఇళ్ళల్లో శవాన్ని మోయడానికి మగవాళ్ళు వరస కట్టి, ఒక్కొక్కరు నాలుగడుగులు మోసి పక్కవాడికి అందిస్తారు. మంచి మనిషి పెట్టె ఆ చేతులమీద నీళ్ళలా వెళ్ళిపోతుంది. మేం ఆరుగురం రెండుసార్లు దించి ఊపిరి తీసుకున్నాం. రెండోసారి టోర్బెన్ అరచెయ్యి గీరుకుని రక్తం వచ్చింది. ఆయన జేబురుమాలు చుట్టుకుని మళ్ళీ పట్టుకున్నాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

మట్టి వేశాక జ్వోంకో ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి వ్యాన్‌లో కూర్చున్నాడు. వ్యాన్ వెళ్ళిపోయింది. టోర్బెన్ నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. చాలా సేపు మాట్లాడాడు.

"ఏమంటాడు?" అన్నాను.

బెల్మా నేల చూస్తూ చెప్పింది. "చాలా కదిలిపోయారట. చిన్న కార్యక్రమమే అయినా ప్రతి వర్గంనుంచీ ఒకరు పెట్టె మోశారు, ఇన్నేళ్ళలో ఇలాంటిది చూడలేదు అంటున్నారు. ఒక క్రొయేట్, ఒక సెర్బు, ఒక ముస్లిం. నేను... నేను ఇతరులట."

"ఆయనతో చెప్పు. ఒక్కో జాతికీ ఒక్కోడు వచ్చాడు, నీ గళ్ళన్నీ నిండాయి. ఊరు మాత్రం రాలేదు. ఆవిడ సూది పొడవని భుజం ఈ ఊళ్ళో లేదు, ఆవిడ పెట్టె మాత్రం దారిన పోయేవాళ్ళు మోశారు. చావుని కూడా సమావేశం చేసిపెట్టావురా నాయనా, సాండ్‌విచ్‌లు ఒక్కటే తక్కువ అని చెప్పు."

బెల్మా తలెత్తింది. ఈసారి ఆ పిల్ల ఒక్క ముల్లు కూడా తియ్యలేదని టోర్బెన్ మొహం చూస్తే తెలిసింది. నేను ఇన్నాళ్ళూ చూడాలనుకున్న మొహం అదే. చూశాను. అందులో నాకు దొరికిందేమీ లేదు.

తిరిగి వచ్చేసరికి హయ్రో కబాబులు తిప్పుతూ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికెళ్ళావు వదినా, కాళ్ళకి ఆ మట్టేంటి?"

"మునెవెరాని పూడ్చి వస్తున్నాను."

పట్టకారు కింద పడింది. "ఏ మునెవెరా? నర్సు మునెవెరానా? మన మునెవెరానా? ఎప్పుడు పోయింది? ఎవరూ చెప్పలేదేం?"

"నిన్నటినుంచి బోర్డులో ఉంది."

"ఆ నీలం కాగితమా?" వాడు బోర్డు వైపు తిరిగాడు. "పొద్దుట్నుంచి మూడుసార్లు దాని ముందునుంచే వెళ్ళాను వదినా. నీళ్ళు ఆపుతారు కాబోలు అనుకుని బకెట్లు కూడా నింపి పెట్టాను."

లోపలికి వెళ్ళి బల్ల కిందినుంచి పాత అచ్చులు తీశాను. ఫోటో జ్వోంకో మర్చిపోయి వెళ్ళాడు, లేకపోతే కావాలనే వదిలేశాడు. ఒకే మునెవెరాని ఆకుపచ్చ అంచులో వేశాను, రెండు రకాల నల్ల అంచుల్లో వేశాను, నక్షత్రంతో వేశాను. పట్టపగలు గోడ మీద, స్తంభాల మీద, అద్దాల బోర్డు మీద అడ్డంగా అంటించాను. ఇలియా జరిమానా పుస్తకం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"షెఫికా, ఏంటిది? నాలుగు రంగులా? ఒక్క మనిషికా? ఫైరింజను పోతుంది!"

"రాసుకో. ఒక్కో దానికీ విడిగా రాసుకో. రాసేముందు ఆ ఫోటో చూసి, చొక్కా చెయ్యి ఒకసారి పైకి మడుచుకో."

ఇలియా ఫోటో చూశాడు. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన వెనక అప్పటికే జనం రోడ్డు దాటుతున్నారు.

సాయంత్రానికి నా కొట్టు నిండిపోయింది. చావు ఇంటికి ఉత్తిచేతులతో వెళ్ళకూడదు, కాఫీ పొట్లం, చక్కెర పెట్టె పట్టుకెళ్ళాలి. కానీ మునెవెరాకి ఈ ఊళ్ళో ఇల్లేది? అందుకని అన్నీ నా దగ్గరికి తెచ్చారు. సెర్బులు తెచ్చారు, క్రొయేట్లు తెచ్చారు, మావాళ్ళు తెచ్చారు. మోకాళ్ళు పట్టుకుంటూ ఇతరుడు కూడా తెచ్చాడు. అచ్చుయంత్రం పైన, కాగితం కట్టల పైన, కుర్చీల కింద కాఫీ పొట్లాలే. ప్రతి ఒక్కరూ ఒకే మాట అన్నారు. "తెలిసుంటే రామా?"

రెండురోజుల తర్వాత మారిబోర్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

"అన్నా, జనానికి తెలియలేదు. తెలిశాక ఊరు ఊరంతా వచ్చింది. కొట్లో కాలు పెట్టడానికి చోటులేదు, అంత కాఫీ తెచ్చారు."



"నువ్వు మంచిదానివి చెల్లీ," అన్నాడు. "నాకోసం కట్టుకథలు అల్లక్కర్లేదు. వదిలి వెళ్ళిపోయాం, వాళ్ళకి కోపం ఉంటుంది. దాన్ని నేను అర్థం చేసుకోగలను."

"కోపం కాదన్నా! కాగితం నీలంగా ఉంది. నీలం కాగితం మా ఊళ్ళో ఎవరూ చదవరు."

"బోర్డు ఊరి నడిమధ్య ఉంది. ఆవిడ పేరు ఇంత లావు అక్షరాల్లో ఉంది. పగ అంటే నమ్ముతాను చెల్లీ. పగకి ఒక బరువుంటుంది. అంచు రంగు చూసి ఒక ఊరు ఆవిణ్ణి వదిలేసిందంటే నన్నెలా నమ్మమంటావు?"

ఎన్ని చెప్పినా ఆయన వినడని అర్థమైంది. ఊరికి తన మీద పగ ఉందని నమ్ముకుని బతికినవాడి దగ్గర్నుంచి దాన్ని తీసేయాలంటే దాని బదులు ఇంకేదైనా చేతిలో పెట్టాలి. నా దగ్గర ఒక్కటే ఉంది.

"నాకు ముందే తెలుసన్నా."

"ఏం తెలుసు?"

"ఆ కాగితం వేస్తే ఎవరూ రారని. మీటింగులో వాళ్ళకి చెప్పాను కూడా. వాళ్ళు వినలేదు. నాకు ఒళ్ళు మండింది. ఒకసారి పరువు పోతే బుద్ధొస్తుందిలే అనుకున్నాను. నువ్వు వచ్చి కూర్చున్నప్పుడు కూడా నాకు తెలుసు. వస్తారా అని నువ్వు అడిగినప్పుడు కూడా."

ఫోన్‌లో ఆయన కుళాయి కట్టేసిన చప్పుడు వినబడింది.

"అయితే వాళ్ళు వచ్చేవాళ్ళే," అన్నాడు.

"వచ్చేవాళ్ళే అన్నా. అందరూ."

"ఆవిడ చెప్పిందే నిజం."

"నిజం."

"నువ్వే రానివ్వలేదు."

అవునన్నాను. ఆయన నమ్మాడు. ఫోన్ పెట్టేశాడు, ఈసారి చెల్లీ అనలేదు.